అటక మీది పాత మందు... పొదుపా? ప్రమాదమా?

పంట పెట్టుబడి లెక్కలు వేసుకునే రోజుల్లో ప్రతి రైతూ ఒకసారి అటక మీదికి చూస్తాడు. నిరుడు పత్తికి తెచ్చి సగం వాడిన మందు సీసా, మూతి మడిచి దారం కట్టిన పొడి మందు ప్యాకెట్టు, వరికి చల్లగా మిగిలిన గుళికలు... ఏదో ఒకటి కనిపిస్తుంది. "డబ్బు పోసి కొన్నాం. పారేయడానికి మనసెలా ఒప్పుతుంది? ముందు దీన్ని కొట్టేద్దాం. పని చేయకపోతే అప్పుడు కొత్తది తెద్దాం" అనుకుంటాం.

ఎకరం, రెండెకరాల రైతు ఇలా ఆలోచించడంలో వింతేమీ లేదు. పాత గోతాలు దాచుకుంటాం, తెగిన పగ్గాలు ముడేసుకుంటాం. పొదుపు లేకపోతే సేద్యమే లేదు. కానీ పురుగుమందు దగ్గర మాత్రం ఈ పొదుపు లెక్క తప్పుతుంది. పాత మందు బాగుందా పాడైందా అన్నది కంటితో చూసి, ముక్కుతో వాసన చూసి తేల్చే విషయం కాదు. సీసా మీది తేదీ, అది ఇన్నాళ్లూ ఉన్న చోటు, ఈ రెండే తేలుస్తాయి. ఆ రెండింటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఆ మందు చేలోకి పోకూడదు. మరి దాన్నేం చేయాలి? ఆ భారం ఒక్క రైతు నెత్తిన వేసి ఊరుకోవడమూ న్యాయం కాదు. ఈ రెండు మాటలే ఈ వారం మీ ముందు పెడుతున్నాను.

యూరియా వేరు, మందు వేరు

మన అనుభవమే మనల్ని ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. యూరియా బస్తా చెమ్మ తగిలి గడ్డ కట్టిందనుకోండి. రోకలితో చితక్కొట్టి చల్లుతాం. అందులో నత్రజని పెద్దగా ఎక్కడికీ పోదు కాబట్టి పైరు పచ్చబడుతుంది. పాత విత్తనమైతే తడి గుడ్డలో నూరు గింజలు చుట్టి, ఎన్ని మొలకెత్తాయో లెక్కపెట్టి తేల్చుకుంటాం. మందుకు ఈ రెండు పద్ధతులూ పనికిరావు.

పురుగుమందులో అసలు పనిచేసే మూల పదార్థం కొంతే. మిగతాది ద్రావకం, నీళ్లలో కలిసేలా చేసే పదార్థాలు, పొడి మందులైతే సుద్ద లాంటి మన్ను. ఎండ వేడికి, చెమ్మకు, మూత సరిగ్గా బిగించనందుకు ఈ కూర్పు చెదురుతుంది. మూల పదార్థం విరిగి వేరే పదార్థాలుగా మారుతుంది. అలా మారినవి ఒక్కోసారి పురుగు మీద పనిచేయవు, మొక్కను మాడుస్తాయి. ఒక్కోసారి మనిషికి మొదటి మందు కంటే ఎక్కువ విషం అవుతాయి.

"వాసన ఇంకా ఘాటుగానే ఉంది, కాబట్టి పవరుంది" అనే మాట ఊళ్లలో తరచూ వింటాం. ఆ ఘాటు చాలావరకు ద్రావకానిది. కొన్ని భాస్వరపు మందుల్లో మందు విరిగిపోతున్నందుకే కంపు ఎక్కువవుతుంది. వాసనను నమ్ముకుని పంటను అప్పగించడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే. పైగా వాసన చూడటమంటే విషాన్ని పీల్చడమే కదా!

పొడి మందు చెప్పిన పాఠం

"పాత మందు పని చేయదంతే కదా, ప్రాణమేం తీస్తుంది?" అంటారా? 1976లో పాకిస్తాన్‌లో జరిగింది వినండి. మలేరియా దోమల కోసం ఇళ్ల గోడల మీద మలాథియాన్ పొడి మందును నీళ్లలో కలిపి కొట్టించారు. సుమారు 7,500 మంది మందు కొట్టే పనివాళ్లలో 2,800 మంది దాకా విషం సోకి జబ్బు పడ్డారు. ఐదుగురు చనిపోయారు. మలాథియాన్ మనుషులకు అంత తీవ్రమైన విషం కాదని అప్పటిదాకా అందరి నమ్మకం. మరి ఇలా ఎందుకయింది?

పరీక్షలు చేస్తే తేలిందేమంటే, కొన్ని రకాల పొడి మందుల్లో మలాథియాన్ నిల్వలో ఉండగానే కొంత ఐసోమలాథియాన్ అనే పదార్థంగా మారిపోయింది. మలాథియాన్ మన ఒంట్లోకి పోతే దాన్ని విరగ్గొట్టే శక్తి మన శరీరానికి సహజంగా ఉంది. ఐసోమలాథియాన్ ఆ శక్తినే దెబ్బతీస్తుంది. అందుకే మామూలుగా తట్టుకునే మందు కూడా విషమైంది. ఒంటి మీద పడిన మందు కడుక్కోకపోవడం, అదే తడి బట్టలతో పని చేయడం దీనికి తోడయ్యాయి. చూడ్డానికి అది మామూలు పొడే. రంగు చూసి ఎవరూ కనిపెట్టలేకపోయారు.

మలాథియాన్ మన రైతులకు తెలియని మందు కాదు. తెగుళ్లకు వాడే మాంకోజెబ్ సంగతీ ఇలాంటిదే. వేడికీ చెమ్మకూ పాతబడితే అందులో థైరాయిడ్ గ్రంథికి చేటు చేసే పదార్థం పెరుగుతుంది. మన రేకుల షెడ్డులో, పెంకుటింటి అటక మీద మే నెలలో ఎంత వేడి ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

సీసా చేతికి తీసుకుంటే చూడాల్సినవి

మొదటిది, లేబులు ఉందా? లేబులు చిరిగి పేరు కనిపించకపోయినా, మందును వేరే సీసాలోకి మార్చి ఉన్నా ఇంకేమీ చూడనక్కర్లేదు, పక్కన పెట్టేయండి. అది పురుగు మందో, కలుపు మందో ఎలా తెలుస్తుంది? 2,4-డి కలుపు మందు పత్తికి ఆవగింజంత తగిలినా ఆకులు ముడుచుకుపోతాయి. పంపులో అడుగున మిగిలిన తడి చాలు. ఇక సీసాకు సీసా పొరపాటున కొడితే ఆ ఏడాది పంట పోయినట్టే.

రెండోది తేదీ. తయారీ తేదీ, గడువు తేదీ, బ్యాచ్ నంబరు ప్రతి సీసా మీదా ఉండాలన్నది చట్టం. రసాయన మందులకు మామూలుగా రెండేళ్ల గడువు ఇస్తారు. ట్రైకోడెర్మా, సూడోమోనాస్, ఎన్.పి.వి. వంటి జీవ మందులకు గడువు చాలా తక్కువ. వాటిలో ఉండేవి ప్రాణమున్న సూక్ష్మజీవులు. ఎండలో పెడితే గడువు లోపలే చచ్చిపోతాయి. వేప మందులకూ ఎండ, వేడి పడవు.

మూడోది మూత. గడువు తేదీ అన్నది సీలు విప్పని డబ్బాకు, నీడలో, పొడిగా ఉన్న చోట దాచిన డబ్బాకు వర్తించే మాట. నిరుడు సీలు విప్పి, మూత వదులుగా పెట్టి, రేకుల కింద వేసవంతా ఉంచిన మందుకు ఆ తేదీ పూచీ పడదు. గడువు ఇంకా ఆరు నెలలుంది కదా అని ధీమా పడకండి.

నాలుగోది లోపలి రూపం. నూనె మందు పొరలు పొరలుగా విడిపోయిందా? అడుగున పలుకులు కట్టాయా? చిక్కటి మందు అడుగున పిడచలా గట్టిపడి, ఎంత ఊపినా కదలనంటోందా? పొడి మందు ఉండలు కట్టిందా? డబ్బా ఉబ్బిందా, కారుతోందా, తుప్పు పట్టిందా? వీటిలో ఏది కనిపించినా అది చేలోకి పోయే మందు కాదు. గంధకం, రాగి మందులు ఖనిజాలు. వాటి మూల పదార్థం తొందరగా విరగదు. అయినా ఉండలు కడితే నీళ్లలో సరిగ్గా కలవవు, పంపు నాజిల్ పూడుకుపోతుంది, ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ పడి ఆకు మాడుతుంది.

గ్లాసు నీళ్ల పరీక్ష

పై నాలుగూ సరిగ్గా ఉండి, గడువు లోపలే ఉన్న మందు మీద చిన్న అనుమానం మిగిలితే ఒక పరీక్ష ఉంది. చేతికి తొడుగులు వేసుకుని ఆరుబయట చేయండి. తర్వాత ఇంట్లో వాడని గాజు సీసా తీసుకోండి. అందులో అర లీటరు మీరు కొట్టే నీళ్లే పోసి, లేబులు మీద రాసిన మోతాదు ప్రకారం మందు కలపండి. నూనె మందైతే నీళ్లు పాలలా తెల్లబడాలి. అరగంట కదపకుండా ఉంచినా పైన నూనె తెట్టు కట్టకూడదు, అడుగున పేరుకోకూడదు. పొడి మందైతే చల్లగానే తడిసి నీళ్లలో దిగాలి, ఉండలై పైన తేలకూడదు. పరీక్ష అయ్యాక ఆ నీళ్లను బావికీ కాలువకూ దూరంగా, పశువులు మేయని బీడు గట్టున పోయండి.

అయితే ఈ పరీక్ష ఎంతవరకో తెలుసుకోవాలి. ఇందులో తప్పిన మందు కచ్చితంగా పాడైనట్టే. నెగ్గిన మందు బాగున్నట్టు మాత్రం కాదు. నీళ్లలో చక్కగా కలిసే మందులో కూడా మూల పదార్థం విరిగిపోయి ఉండొచ్చు. దాన్ని తేల్చేది ప్రయోగశాలే. అందుకే గడువు దాటిన మందుకు ఈ పరీక్ష పెట్టి "పాలలా తెల్లబడింది, ఇంకేం" అని సంబరపడకండి.

ఇంకో అలవాటు కూడా మానుకోవాలి. "పాతది కదా, పంపుకు ఇంకో రెండు మూతలు వేద్దాం" అంటుంటారు. మూల పదార్థం ఎంత తగ్గిందో తెలియకుండా ఎంత పెంచుతారు? ద్రావకం ఎక్కువై ఆకు మాడుతుంది. మిరప, కూరగాయల మీద అవశేషాలు మిగులుతాయి. చాలీచాలని మందుకు బతికిన పురుగు మొండికేసి, రేపు కొత్త మందుకూ లొంగదు.

లెక్క వేసి చూద్దాం. మిగిలిన మందు విలువ రెండు వందలనుకోండి. దాన్ని కొట్టడానికి కూలీ, తైవాన్ పంపు అద్దె, పెట్రోలు కలిపితే ఎకరానికి అంతకంటే ఎక్కువే అవుతుంది. అది పని చేయలేదని మీకు తెలిసేది మూడు నాలుగు రోజులకు. ఈలోగా శనగపచ్చ పురుగు కాయలోకి దూరిపోతుంది. మళ్లీ కొత్త మందు, మళ్లీ కూలీ. కొత్త మందు పని చేయకపోతే బిల్లు చూపించి అడగొచ్చు, ఫోరానికి వెళ్లొచ్చు. గడువు దాటిన మందు కొడితే అడిగే నోరు మనకు ఉండదు.

అటక మీద నిషేధించిన మందుంటే?

కొన్ని మందులు పాడవకపోయినా వాడకూడదు. బి.హెచ్.సి. పొడిని 1997లోనే నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. మిథైల్ పారాథియాన్, కార్బరిల్ 2018లో పోయాయి. ఫోరేట్ గుళికలు, ట్రైజోఫాస్, డైక్లోరోవాస్, ఫాస్ఫామిడాన్‌లకు 2020 డిసెంబరు 31తో కాలం చెల్లింది. డైకోఫాల్, మిథోమిల్ 2023లో నిషేధం జాబితాలో చేరాయి. ఇవన్నీ ఒకప్పుడు మన పత్తి, మిరప, వరి చేలల్లో విరివిగా వాడినవే. మీ కొట్టంలో వీటి పాత డబ్బా ఉండటంలో ఆశ్చర్యం లేదు. "అప్పట్లో బ్రహ్మాండంగా పని చేసేది" అని బయటికి తీయకండి.

ఖాళీ డబ్బా కూడా విషమే

2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడి మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ కలిసినట్టు పరీక్షల్లో తేలింది. మందు డబ్బా కడిగి కిరసనాయిలు పోసుకోవడం, నీళ్లు తాగడం, మిగిలిన మందును మద్యం సీసాలోకో, కూల్‌డ్రింకు సీసాలోకో మార్చడం... ఇవి మన ఊళ్లలో ఇంకా పోలేదు. ఖాళీ అయిన డబ్బాను మందు కలిపేటప్పుడే మూడుసార్లు నీళ్లతో తొలిచి, ఆ నీళ్లను పంపులోనే పోయండి. తర్వాత మళ్లీ పనికిరాకుండా డబ్బాకు చిల్లులు పొడవండి.

ఇంటిలో చేతికందే మందు ఇంకోలా కూడా కొంపలు కూల్చింది. అప్పు దిగులుతోనో, ఇంటి గొడవతోనో మనసు విరిగిన ఘడియలో మందు అందుబాటులో లేకపోతే, ఆ ఘడియ దాటిపోతుంది, మనిషి మిగులుతాడు. శ్రీలంకలో 1995 నుంచి అతి విషపు మందులను ఆపేశాక పదేళ్లలో ఆత్మహత్యల రేటు సగానికి తగ్గింది. కాబట్టి మందు ఇంట్లో వద్దు, పొలం కొట్టంలో తాళం వేసిన పెట్టెలో ఉండాలి. తాళం చెవి ఒక్కరి దగ్గరే ఉండాలి. మనసు బాగోలేకపోతే 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. ఎవరికైనా మందు సోకితే ఆలస్యం చేయకుండా 108 పిలవండి. ఆ డబ్బా లేబులు డాక్టరుకు చూపించండి. ఏ మందో తెలిస్తేనే సరైన విరుగుడు వేయగలరు.

పారేయడం ఎలా? ఇక్కడే చిక్కు

గడువు దాటిన మందును కాలువలో పోయకండి, చెరువులో చేపలు, తాగే పశువులు పోతాయి. పొయ్యిలో వేయకండి, ఆ పొగే విషం. పెరట్లో గొయ్యి తీసి పాతకండి, రేపది బోరు నీటిలోకి దిగుతుంది. "మరి ఏం చేయమంటావయ్యా?" అని మీరడుగుతారు. అడగాల్సిందే.

దుకాణం సంగతి చూడండి. పురుగుమందుల నిబంధనల ప్రకారం గడువు దాటిన సరుకును డీలరు వెంటనే వేరు చేయాలి. అమ్మకానికి కాదని ముద్ర వేయాలి. విడిగా బోర్డు పెట్టి ఉంచాలి. దాన్ని పద్ధతి ప్రకారం వదిలించుకోవాలి. అంటే దుకాణంలో పాతబడిన విషానికి ఒక దారి ఉంది. అదే సీసా రైతు ఇంట్లో పాతబడితే దానికి దారి లేదు. దుకాణంలో ప్రమాదమైనది గుడిసెలో ప్రమాదం కాదా?

ఫ్యాక్టరీల ప్రమాదకర వ్యర్థాలకు హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో, విశాఖ దగ్గర పరవాడలో కేంద్రాలున్నాయి. ఊళ్ల నుంచి అక్కడికి పాత మందు చేర్చే బండే లేదు. ఏడాదికి ఒకసారి, తొలకరికి ముందు, ఆంధ్రలో రైతు సేవా కేంద్రం దగ్గర, తెలంగాణలో రైతు వేదిక దగ్గర ఒక రోజు పెట్టి పాత మందులు తీసుకుంటే ఏం పోతుంది? ఆ ఖర్చు మందు అమ్ముకుని లాభపడిన కంపెనీలు పెట్టుకోవాలి. "రైతులు మిగిలినవన్నీ తెచ్చి డబ్బు వాపసు అడుగుతారు" అని కొందరు డీలర్లు భయపడతారు. రైతు డబ్బు వాపసు అడగడం లేదు, విషాన్ని వాపసు తీసుకోమంటున్నాడు.

అసలు మందు ఎందుకు మిగులుతోంది? అరువు మీద తెచ్చుకునే కౌలు రైతు పావు లీటరు కావాలన్నా, దుకాణంలో ఉన్న లీటరు డబ్బానే చేతిలో పెడతారు. చిన్న ప్యాకింగులు అన్ని దుకాణాల్లోనూ ఉండేలా అధికారులు చూడాలి. గడువు దగ్గరపడిన సరుకును తక్కువ ధరకు అంటగట్టే వాళ్ల మీద మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

ఆ ఏర్పాటు వచ్చేదాకా మనం చేయగలిగింది కొంత ఉంది. గడువు దాటినవాటిని అసలు డబ్బాల్లోనే ఉంచి, మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్‌లో పెట్టండి. మీద "విషం - వాడరాదు" అని రాసి తాళం వేయండి. వాటి జాబితా రాసి వ్యవసాయ అధికారికి ఇవ్వండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఒక్కరిస్తే కాగితం, ఊరంతా ఇస్తే అది డిమాండు అవుతుంది.

ఇక కొనేటప్పుడు ఒక పంట కాలానికి కాదు, ఒక కొట్టుడుకు సరిపడా కొనండి. పక్క పక్క చేల రైతులు ఇద్దరు ముగ్గురు కలిసి డబ్బా తెచ్చుకుని, అదే రోజు అదే డబ్బాలోంచి కలుపుకుని ఖాళీ చేయండి. బిల్లు తీసుకోండి. గడువు ఎంత దూరముందో దుకాణంలోనే చూడండి. సీలు విప్పిన రోజున డబ్బా మీద ఆ తేదీ రాయండి. ఏ పురుగుకు ఏ మందో అనుమానముంటే కిసాన్ కాల్ సెంటర్‌కు, 1800-180-1551కి ఫోన్ చేయండి, ఖర్చు ఉండదు.

ఈ ఆదివారం ఒక గంట తీరిక చేసుకుని అటక దింపండి. ఒక్కో సీసా తేదీ చదవండి. చదువు రాకపోతే బడికి పోయే పిల్లలతో చదివించండి, సీసా మాత్రం వాళ్ల చేతికివ్వకండి. తేదీ దాటినది, లేబులు లేనిది, నిషేధించినది ఒక పక్కకు తీసేయండి. పోయేది రెండు మూడు వందలు. పంట, ఒళ్లు, ఇల్లు నిలుస్తాయి.